తెల్లచొక్కా

ప్రతి సంవత్సరం కళాశాల తెరిచిన మొదటివారంలో ఒక విషయం గమనిస్తుంటాను. కొత్తగా చేరిన విద్యార్థులు అధ్యాపకుని మాట వినడానికి ముందు అతని వేషాన్ని చదువుతారు. చెప్పుల నుండి కళ్ళజోడు వరకు వారి దృష్టి ఒక్క నిమిషంలో ప్రయాణం చేసి వస్తుంది. ఆ పరీక్షకు నేను పాతికేళ్ళకు పైగా ఒకే సమాధానం రాస్తున్నాను. తెల్లని ఖద్దరు చొక్కా, తెల్లని పంచె, తోలు చెప్పులు. వేలికి ఉంగరం లేదు. జేబుకు కలం తప్ప మరో అలంకారం లేదు. మా కళాశాలలో నా పేరు తెలియనివారు కూడా 'తెల్లచొక్కా మాస్టారు' అంటే నా గది చూపిస్తారు.

ఈ పేరును చాలాకాలం బిరుదుగానే భావించాను. అలంకారశాస్త్రం బోధించేవాడు తాను మాత్రం నిరలంకారంగా ఉండటంలో ఏదో చమత్కారం ఉన్నదని నాలో నేనే మురిసిపోయిన రోజులున్నాయి. ఆ మురిపెం ఎలా తగ్గిందో చెప్పాలంటే, ముందు ఆ చొక్కా నా ఒంటిమీదికి ఎలా వచ్చిందో చెప్పాలి.

1986లో మా ఊరి నుండి శ్రీకాకుళానికి ఇంటర్మీడియట్ చదువుకు వచ్చినప్పుడు నా వద్ద రెండు చొక్కాలుండేవి. రెండూ తెల్లవే. తెలుపు నాకు ఇష్టమైన రంగు కాదు. ఆ వయసులో ఎవరికి మాత్రం ఇష్టం! ఒకే తానులో గుడ్డ తీసుకుంటే నాన్నకూ నాకూ కలిసివస్తుంది. ఏ ప్యాంటు మీదికైనా నప్పుతుంది. వెలిసిపోవడానికి అసలు రంగే లేదు. ఇదీ మా అమ్మ లెక్క. వసతిగృహానికి నా వెంట పుస్తకాలతోపాటు ఒక ఇత్తడి చెంబును కూడా ఆమె పంపింది. సాయంత్రం చొక్కా ఉతికి, నీలిమందు పెట్టి ఆరవేసి, తెల్లవారి వంటశాలలో నిప్పులు అడిగి చెంబులో పోసుకుని, దానితోనే ఇస్త్రీ చేసుకునేవాణ్ణి. చెంబు అడుగు గుండ్రంగా ఉంటుంది కనుక జేబు దగ్గర ముడత ఎప్పటికీ పోయేది కాదు.

ఆ సంవత్సరం కళాశాల వార్షికోత్సవంలో వ్యాసరచనకు నాకు మొదటి బహుమతి వచ్చింది. నా ప్యాంటుకు వెనుకవైపు రెండు మాసికలున్నాయి. వేదిక ఎక్కి, బహుమతి అందుకుని, సభకు వీపు చూపకుండా పక్కపక్కకు అడుగులు వేస్తూ మెట్లు దిగాను. ముఖ్య అతిథి దానిని సభామర్యాదగా భావించారు. తమ ప్రసంగంలో ప్రత్యేకంగా ప్రస్తావించి, పెద్దల పట్ల, సభ పట్ల ఇంతటి వినయం గల విద్యార్థిని చూడలేదని మెచ్చుకున్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్ల నడుమ నేను ఎంతగా కుంచించుకుపోయానో నాకొక్కడికే తెలుసు.

ఆ సంగతిని నేను జీవితాంతం గుర్తుంచుకోవలసింది. ఉద్యోగం వచ్చాక మరచిపోయాను.

1998లో మొదటి జీతం అందగానే పొందూరు వెళ్ళి చొక్కాకు ఖద్దరు కొన్నాను. శ్రీకాకుళానికి దగ్గరలోని ఆ ఊరి నేత ఎంత సున్నితమో చేతితో తాకితేగాని తెలియదు. అక్కడ గింజనంటి ఉన్న పత్తిని వాలుగ చేప దవడ ఎముకతో దువ్వుతారు. ఆ సన్నని పళ్ళు చేసే పని ఇనుప దువ్వెన చేయలేదని అక్కడివారి నమ్మకం. దువ్విన పత్తిని ఏకి, ఏకులు చుట్టి, ఒంటి కదురు రాట్నం మీద స్త్రీలు నూలు వడుకుతారు. నూరో నంబరు నూలు తీయగల చేతులు ఇప్పటికీ ఆ ప్రాంతంలో ఉన్నాయి. ఒక ముసలమ్మ వడుకుతుండగా పక్కన కూర్చుని చూశాను. ఆమె ఎడమచేతి వేళ్ళ నడుమ నుండి దారం వస్తున్నదో, వెలుతురు వస్తున్నదో చెప్పడం కష్టం. అంత శ్రమ పడిన బట్ట చౌకగా ఎలా వస్తుంది? దాని వెల మిల్లుగుడ్డకు ఎన్నో రెట్లు. నాకు అదేమీ పట్టలేదు. చిన్ననాడు గతిలేక తొడిగిన తెలుపును పెద్దయ్యాక కోరి తొడుగుతున్నాను కదా అనే తృప్తి మాత్రం నిండుగా ఉండేది. చూసేవారికి రెండు తెలుపులూ ఒక్కటే. తొడిగేవాడికి వాటి మధ్య ఒక జీవితమంత దూరం.

నిరాడంబరుడనన్న నా అభిమానానికి నా పరిశోధన కూడా కొంత అడ్డు తగలవలసింది. డాక్టరేటు కోసం నేను ఎంచుకున్న విషయం ప్రాచీన కావ్యాలలో సామాజిక జీవనం. అందులో వస్త్రాలకు ఒక అధ్యాయమే కేటాయించాను. పూర్వులు ఆడంబరం ఎరుగరని, ఫ్యాషన్ అనేది నిన్నమొన్న సముద్రాలు దాటి వచ్చిన జాడ్యమని వేదికల మీద తరచు వింటుంటాము. కావ్యాలు ఆ మాటకు సాక్ష్యం చెప్పవు. పాల్కురికి సోమనాథుడు వస్త్రాల పేర్లు ఏకరువు పెట్టడం మొదలుపెడితే ఊపిరి తీసుకోవడం కష్టం. శ్రీనాథుని హరవిలాసం ఎవరికి అంకితం? అవచి తిప్పయసెట్టికి. ఆయన రాజు కాడు, సముద్రవ్యాపారి. కృత్యాదిలో ఆయన సరుకుల జాబితా ఉంది. దూరదేశాల నుండి ఓడలలో గుర్రాలు, కస్తూరి, చీనా పట్టు తెప్పించి రాజాస్థానాలకు సరఫరా చేసిన ఘనుడు. నేటి మాటలో చెప్పాలంటే ఫ్యాషన్ వ్యాపారి. ఆ సొమ్ముతో మనకొక మంచి కావ్యం దక్కింది.

శ్రీనాథుడు స్వయంగా భోగి. అటువంటివాడు కూడా ఒకచోట బట్టల వల్ల బాధపడ్డాడు. ఆయనదిగా ప్రచారంలో ఉన్న ఒక చాటువులో కర్ణాటరాజ్యలక్ష్మితో తన గోడు వెళ్ళబోసుకుంటాడు. నీ కోసం తలకు కుళ్ళాయి పెట్టాను, బరువైన అంగీ తొడిగాను, అలవాటు లేని తిండి తిన్నాను, ఇకనైనా దయచూడమంటాడు. నవ్వు పుట్టించే పద్యమే. కాని కొలువు కోసం తనది కాని దుస్తులు తొడిగి అద్దం ముందు నిలిచిన ప్రతి యువకుడికీ ఆ పద్యం అర్థం తెలుసు.

ఇక మచిలీపట్నం మాట. 1611లో ఇంగ్లీషువారు అక్కడ వర్తకస్థానం పెట్టడానికి కారణం మన అద్దకపు బట్టలే. మచిలీపట్నం మొదలైన తూర్పుతీరపు రేవుల నుండి వెళ్ళిన పూల అద్దకాలు ఐరోపా స్త్రీలను ఎంతగా ఆకర్షించాయంటే, తమ నేతగాళ్ళు నష్టపోతున్నారని 1686లో ఫ్రాన్సు వాటిని నిషేధించింది. 1759 దాకా ఆ నిషేధం తొలగలేదు. 1700లో ఇంగ్లండు కూడా చట్టం చేసింది. నిషేధించిన కొద్దీ మోజు పెరిగిందని వేరే చెప్పనక్కరలేదు. తరువాతి శతాబ్దంలో యంత్రాలు వచ్చి, అదే ఇంగ్లండు తన మిల్లుగుడ్డను మన అంగళ్ళలో దింపింది. మన నేతగాడి మగ్గం మూలపడింది. ఈ కథంతా తరగతిలో ఉత్సాహంగా చెప్పేవాణ్ణి. నేత నేసినవాడి గురించి అంతగా మాట్లాడే నాకు, నా ఎదుట కూర్చున్నవాడి చొక్కా ఎవరు కుట్టారో తెలియదు.

అది 2010. ద్వితీయ సంవత్సరం తరగతిలో మూడో వరుసలో ఒక విద్యార్థి కూర్చునేవాడు. మితభాషి. చక్కని దస్తూరి. ప్రతిరోజూ అదే లేతనీలం చొక్కా. శుభ్రంగా ఉతికి ఉండేది. ఒకనాడు పాఠం మధ్యలో నిరాడంబరత ప్రసక్తి వచ్చింది. ముందురోజు ఎవరిదో పుట్టినరోజని కొందరు విద్యార్థులు మెరిసే దుస్తులలో వచ్చి తరగతిలో గోల చేశారు. వారిని మందలించాలన్న ఊపులో నేను ఆ బాలుణ్ణి లేచి నిలబడమన్నాను. "ఇతణ్ణి చూడండి. ఏనాడైనా ఆర్భాటంగా వచ్చాడా? ఈ ఒక్క చొక్కాతో ఎంత హుందాగా ఉన్నాడు! నిరాడంబరత అంటే ఇది" అన్నాను.

తరగతి నిశ్శబ్దమైంది. వెనుక బెంచీలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ బాలుడు తల దించుకుని నిలబడే ఉన్నాడు. కూర్చోమనడం కూడా మరచిపోయి నేను పాఠంలోకి వెళ్ళిపోయాను.

మరునాటి నుండి అతడు రాలేదు. వారం గడిచింది. హాజరుపట్టీలో అతని పేరు పిలిచినప్పుడల్లా తోటివారు ఒకరి ముఖం ఒకరు చూసుకునేవారు. చివరకు ఒక అమ్మాయి నా గదికి వచ్చి, గుమ్మంలోనే నిలబడి, "మాస్టారూ, వాడికి ఆ చొక్కా ఒక్కటే ఉంది" అని చెప్పి వెళ్ళిపోయింది.

చిరునామా కనుక్కుని ఆ ఆదివారం వాళ్ళింటికి వెళ్ళాను. పట్టణం చివర ఒంటిగది ఇల్లు. గదిలో సగం కుట్టుమిషను, మిగతా సగం బట్టల మూటలు. అతని తల్లి ఒక రెడీమేడ్ వర్తకుడికి చొక్కాలు కుడుతుంది. కత్తిరించిన ముక్కలు మూటగా వస్తాయి, కుట్టి, కాజాలు తీసి, గుండీలు వేసి తిరిగి పంపాలి. చొక్కాకు 18 రూపాయలు. తండ్రి లేడు. నేను వెళ్ళేసరికి ఆ బాలుడు కింద కూర్చుని గుండీలు కుడుతున్నాడు. అతని చుట్టూ కనీసం నలభై చొక్కాలు, ఎరుపు, పసుపు, గళ్ళవి, గీతలవి. వాటి మధ్య అతడు ఆ లేతనీలం చొక్కాలోనే ఉన్నాడు.

నన్ను చూసి లేచి నిలబడ్డాడు. తరగతిలో నిలబడినట్టే.

"వాడికి బుద్ధి లేదు బాబూ" అన్నది తల్లి, స్టూలు తుడిచి వేస్తూ. "మాస్టారు నిన్ను మెచ్చుకున్నారురా, తిట్టలేదురా అని ఎంత చెప్పినా వినలేదు."

"లేదమ్మా, తప్పు నాదే" అన్నాను. ఆ మాట అనడానికి దారిపొడుగునా ఎన్ని వాక్యాలు కూర్చుకున్నానో. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

బాలుడు కొంతసేపు మాట్లాడలేదు. తరువాత అడిగాడు. "మాస్టారూ, మీ చొక్కా ఎంత?"

అందులో ఎత్తిపొడుపు లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. కుట్టుకూలితో కలిపి 1,200 రూపాయలని చెప్పాను. అబద్ధం చెప్పాలనిపించింది గాని నోరు రాలేదు. అతడు మనసులో లెక్క కట్టడం నాకు కనబడింది. నేనూ కట్టాను. వాళ్ళమ్మ కుట్టే చొక్కాలు అరవైఆరు.

ఆమె మాత్రం లెక్కల్లోకి వెళ్ళలేదు. దగ్గరకు వచ్చి నా చేతిచొక్కా అంచును బొటనవేలికీ చూపుడువేలికీ నడుమ పట్టుకుని చూసింది. "పొందూరుదా? బట్ట బంగారం బాబూ" అన్నది. మళ్ళీ మెడవైపు చూసి, "కుట్టు బాగులేదు. కాలరు సరిగా కూర్చోలేదు. ఎవడు కుట్టాడో గాని ఇంత మంచి గుడ్డను పాడుచేశాడు. ఇలా ఇప్పించండి, రెండు నిమిషాల పని" అన్నది.

వద్దన్నాను. ఆమె వినలేదు. చొక్కా విప్పి ఇచ్చి, బనియనుతో ఆ స్టూలు మీద కూర్చున్నాను. ఆమె కాలరు విప్పదీసి, లోపలి గుడ్డ సరిచేసి, మళ్ళీ కుట్టింది. రెండు నిమిషాలు కాదు, అరగంట పట్టింది. అంతసేపూ ఆ బాలుడు గుండీలు కుడుతూనే ఉన్నాడు. నేనూ ఒక సూది తీసుకుని ప్రయత్నించాను. నా గుండీలు రెండింటిని అతడు మర్యాదగా విప్పేసి మళ్ళీ కుట్టాడు. కూలి ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు.

మరునాడు అతడు కళాశాలకు వచ్చాడు. మూడో వరుసలో కాదు, చివరి వరుసలో కూర్చున్నాడు. సంవత్సరాంతం వరకు అక్కడే కూర్చున్నాడు.

ఆ తరువాతి సంవత్సరం ఒక సదస్సుకు మదురై వెళ్ళాను. గాంధీజీ కొల్లాయి కట్టిన ఊరు అది. ఆ కథను పిల్లలకు ఎన్నోసార్లు చెప్పాను, నిరాడంబరతకు దృష్టాంతంగా. 1921 జూలై 31న బొంబాయిలో విదేశీ వస్త్రాలను తగులబెట్టించిన గాంధీజీ, ఖద్దరు ప్రచారం చేస్తూ దక్షిణానికి వచ్చారు. సెప్టెంబరు 14న మన వాల్తేరు స్టేషనులో ఆయన వెంట వస్తున్న మౌలానా మహమ్మద్ అలీని ప్రభుత్వం నిర్బంధించింది. ప్రయాణం ఆపకుండా గాంధీజీ తమిళదేశం చేరారు. మదురై వెళ్ళే రైలులో చుట్టూ ఉన్నవారందరూ విదేశీ బట్టలలో ఉన్నారు. ఖద్దరు కట్టండని వారిని అడిగారు. అంత వెల పెట్టి కొనలేని పేదలమని వారు జవాబిచ్చారు. ఆనాటికి ఆయన ఒంటిమీద టోపీ, చొక్కా, నిండుపంచె ఉన్నాయి. సెప్టెంబరు 22న పడమటి మాసి వీధిలోని ఒక ఇంటి నుండి బయటకు వచ్చినప్పుడు కొల్లాయి మాత్రమే ఉంది. అక్టోబరు 31 వరకు ఇలా ఉందామని మొదట అనుకున్న నియమం, 1948లో కన్నుమూసే వరకు సాగింది. 1931లో లండనులో చక్రవర్తి అయిదవ జార్జి విందుకు కూడా ఆయన ఆ కొల్లాయితోనే వెళ్ళారు.

ఇన్నేళ్ళూ ఈ కథలో నేను కొల్లాయినే చూశాను. రైలులోని ఆ పేదల జవాబు నా చెవికి ఆనలేదు. ఖద్దరు కొనలేమన్నవారిని గాంధీజీ మందలించలేదు. మీ పేదరికమే మీకు అలంకారమని పొగడనూ లేదు. వారి ముందు తన ఒంటిమీది బట్టే ఎక్కువగా ఉందనుకున్నారు. 1,200 రూపాయల చొక్కా తొడిగి, ఒక్క చొక్కా ఉన్నవాణ్ణి ఆదర్శంగా నిలబెట్టినవాడికి ఆ వీధిలో నడుస్తుంటే కాళ్ళు బరువెక్కాయి.

నిరాడంబరత కూడా అంగట్లో దొరుకుతుంది. ఇది కొత్త సంగతి కాదు. 1926లో అమెరికాలోని వోగ్ పత్రిక, పారిస్‌కు చెందిన షనెల్ రూపొందించిన ఒక సాదా నల్లగౌను బొమ్మను వేసి, దానిని ఫోర్డు కారుతో పోల్చింది. ఏ హంగూ లేని ఆ గౌను అందరి వంటిమీదికీ చేరుతుందని దాని ఉద్దేశం. ఆపిల్ సంస్థ స్థాపకులలో ఒకరైన స్టీవ్ జాబ్స్ ఎప్పుడూ ఒకే తీరు నల్లచొక్కా తొడిగేవారు. అది జపానుకు చెందిన ప్రసిద్ధ రూపకర్త ఇస్సే మియాకే చేసిన చొక్కా. తక్కువగా కనిపించడానికి ఎక్కువ ఖర్చు పెట్టే రోజులివి. కొత్త ప్యాంటును మోకాళ్ళ దగ్గర చింపి మరీ అమ్ముతున్నారు. మా అమ్మ ఉండి ఉంటే ఆ దుకాణం ముందు ఆగి, మాసికకు గుడ్డ వెదికేది.

ఈ వ్యాపారపు కిటుకు నాకు అర్థమైనంతలో ఇది. బట్ట చిరిగేదాకా ఆగితే వర్తకుడికి నష్టం. కనుక బట్టకంటె ముందు దానిమీది ఇష్టం చిరగాలి. ఒకప్పుడు పండుగకు, పెళ్ళికి వచ్చే కొత్తబట్ట ఇప్పుడు వారం వారం వస్తున్నది. వెల తగ్గుతున్నది. తగ్గిన వెల ఎవరి కూలిలో నుండి వచ్చిందో చీటీ మీద ఉండదు. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో ఢాకా సమీపాన రాణా ప్లాజా అనే ఎనిమిది అంతస్తుల భవనం కూలింది. అందులో ఐరోపా, అమెరికా దుకాణాలకు దుస్తులు కుట్టే కర్మాగారాలున్నాయి. ముందురోజే గోడలకు పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తులోని బ్యాంకును, దుకాణాలను మూసివేశారు. కుట్టుపనివారిని మాత్రం మరునాడు పనిలోకి రమ్మన్నారు. 1,100 మందికి పైగా మరణించారు. పత్రికలో శిథిలాల నడుమ రంగురంగుల గుడ్డల మూటలు చూసినప్పుడు నాకు తెలిసిన ఒంటిగది ఇల్లు గుర్తుకు వచ్చింది. ఆ రోజు పాఠం చెప్పలేకపోయాను. పిల్లల చేత మౌనపఠనం చేయించాను.

తెల్లచొక్కాను నేను వదలలేదు. పొందూరులో వడికే చేతులకు కొనేవారు కావాలి. పైగా ఆ బట్ట నాకు హాయి. అయితే దానిని గురించి తరగతిలో మాట్లాడటం మానివేశాను. నా చొక్కాలన్నీ ఇప్పుడు ఆ తల్లే కుడుతుంది. మొదటిసారి కూలి నేనే నిర్ణయించబోతే, "అది నేను చెప్పాలి బాబూ" అన్నది. చెప్పింది. వర్తకుడు ఇచ్చేదానికి పది రెట్లు. చెల్లించాను.

గత వేసవిలో ఆ విద్యార్థి మా ఇంటికి వచ్చాడు. విశాఖపట్నంలో ఉద్యోగం చేస్తున్నాడు. పెళ్ళి శుభలేఖ ఇవ్వడానికి తల్లిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఒంటిమీద చిలకాకుపచ్చ చొక్కా, దానిమీద నిండుగా నారింజపూలు, చేతికి మెరిసే గడియారం. గుమ్మంలో చూడగానే నా ముఖంలో ఏదో కదిలి ఉంటుంది. అతడు దానిని పసిగట్టి నవ్వాడు.

"ఎలా ఉంది మాస్టారూ?"

"బాగుందయ్యా" అన్నాను. నిజంగానే బాగుంది. అతని ముఖానికి ఆ రంగు నప్పింది. "అమ్మ కుట్టిందా?"

"లేదండి. కొన్నాను. ఇలాంటివి ఇంకా ఆరున్నాయి."

తల్లి కాఫీ గ్లాసు కింద పెట్టి, కొడుకు చొక్కా అంచును పైకి మడిచి, లోపలి కుట్లు చూసి పెదవి విరిచింది.